పద్మినీ, ప్రెషర్ కుక్కరూ

1982లో పెళ్ళయి అత్తవారింట అడుగు పెట్టేసరికి, నాకంటే ముందే అక్కడ ఒక పద్మిని కాపురముంది. కంగారు పడకండి, అది కారు!

దాని పుట్టిల్లు ఇటలీ. అక్కడి ఫియట్ 1100 మన బొంబాయి కుర్లాలో, ప్రీమియర్ వారి ఫ్యాక్టరీలో తయారై, 1970లలో చిత్తోడ్ రాణిగారి పేరు పెట్టుకుంది. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా మనవాళ్ళు ఎరిగిన కార్లు ముఖ్యంగా మూడే: కలకత్తా అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాల్సిందే. అలా వచ్చిన కారును పాతబడిందని పారేస్తారా ఎవరైనా?

అందుకే ఆదివారం పొద్దున మామయ్యగారు బానెట్ ఎత్తి కూర్చునేవారు. 1089 సి.సి. ఇంజను, నాలుగు సిలిండర్లు, నాలుగు ప్లగ్గులు. డాక్టరు నాలుక చూసినట్టు ఒక్కో ప్లగ్గూ విప్పి మొన చూసేవారు. లేత గోధుమ రంగుంటే ఆరోగ్యం. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోందని, జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి చేరుతోందని అర్థం. అత్తయ్య కాఫీ అందించి, గుమ్మంలో నిలబడి వినేది. "నీకెందుకే ఇవన్నీ?" అనేవారాయన.

ఓ వేసవిలో నన్ను పురిటికి మా పుట్టింటికి దింపడానికి బయల్దేరాం. హడావిడిలో మామయ్యగారు రేడియేటర్లో నీళ్ళు చూడటం మరిచారు. సగం దారిలో బానెట్ సందుల్లోంచి పొగలా ఆవిరి. ఆయన కంగారుగా దిగి, చేతిరుమాలుతో మూత తిప్పబోయారు.

"ఏమండీ, ఆగండి! కుక్కరు దించగానే మూత తీస్తానా నేను?"

అత్తయ్య గొంతు అంత పెద్దదని నాకప్పుడే తెలిసింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మూత బిగించిన రేడియేటర్లో నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా లోపల అణిగే ఉంటాయి. మూత తీశామా, ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతాయి.

చింతచెట్టు నీడన ముప్పావుగంట కూర్చున్నాం. చల్లారాక తడిగుడ్డ మడిచి మూత తీశారు. బావి నీళ్ళు గుమ్మరించబోతే మళ్ళీ అడ్డుపడింది: "కాలిన మూకుట్లో చన్నీళ్ళు పోస్తే పగలదూ? ఇంజను తిరుగుతుండగా కొంచెం కొంచెంగా పొయ్యండి."

మర్నాటి నుంచి రేడియేటరు నీళ్ళు చూసే పని అత్తయ్యది. ఆమెను అడగందే కారు కదిలేది కాదు.

2023 అక్టోబరులో, గడువు తీరిన ఆఖరి పద్మిని టాక్సీ ముంబయి వీధుల నుంచి తప్పుకుంది. ఆ వార్త చదువుతుంటే ఫ్యాక్టరీ కాదు, అత్తయ్యే గుర్తొచ్చింది. ఆ కార్లను అన్నేళ్ళు బతికించిన వాళ్ళలో గుమ్మంలో నిలబడి విన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ ఎక్కలేదు, అంతే.