శిలాజాలు: నెల్లూరు, ఒంగోలు తీరం

పూర్వకాలపు జీవుల అవశేషాలు, అచ్చులు, అడుగుజాడలు రాతిపొరల్లో నిలిచిపోతే వాటిని శిలాజాలు అంటారు. సాధారణంగా చనిపోయిన జీవిని బురదో ఇసుకో త్వరగా కప్పేస్తేనే ఆ అవకాశం ఉంటుంది. పైన పేరుకున్న పొరల బరువుకు బురద రాయిగా గట్టిపడుతుంది. మెత్తని భాగాలు కుళ్లిపోయినా ఎముక, చిప్ప, ఆకు ఈనె వంటివాటి ఆనవాళ్లు మిగులుతాయి.

నెల్లూరుకు దక్షిణాన స్వర్ణముఖి ఒడ్డున ఉన్న నాయుడుపేటది నది మేటవేసిన ఒండ్రు నేల. భూవిజ్ఞాన లెక్కలో నిన్నమొన్నటిది. అంతకన్నా ఎంతో పాతవైన గోండ్వానా (భారత్, అంటార్కిటికా కలిసి ఉన్న ప్రాచీన ఖండం) కాలపు రాళ్లు అక్కడికి దక్షిణాన సత్యవేడు, శ్రీపెరుంబుదూరు పరిసరాల్లోనూ, ఉత్తరాన ఒంగోలు ప్రాంతంలోని వేమవరం, బూదవాడ దగ్గరా బయటపడతాయి.

చరిత్ర

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ సత్యవేడు వైపు పొరలను 1873లో, ఒంగోలు వైపు పొరలను 1879లో ప్రచురించిన నివేదికల్లో వర్ణించాడు. ఇక్కడి మొక్కల శిలాజాలపై శిలాజ శాస్త్రవేత్త ఓటోకర్ ఫైస్ట్‌మాంటెల్ గ్రంథం కూడా 1879లోనే వెలువడింది. వేమవరం షేల్ లేతరంగు పలకల రాయి. పొర వెంట చీలిస్తే నడి ఈనెకు రెండు పక్కలా సన్నని రెబ్బలు బారులు తీరిన టిలోఫిల్లం ఆకు అచ్చు కనిపిస్తుంది. చూపుకు సైకస్ ఆకులా ఉంటుంది. అదే రాతిపొరల్లో చుట్టలు తిరిగిన అమ్మొనైట్ గవ్వల ముద్రలూ ఉన్నాయి. అమ్మొనైట్‌లు సముద్రంలో మాత్రమే బతికిన జీవులు.

ఆకులను బట్టి ఈ పొరలను మొదట జురాసిక్ కాలానివిగా భావించారు. 1933లో శిలాజ శాస్త్రవేత్త ఎల్. ఎఫ్. స్పాత్ అమ్మొనైట్‌లను పరిశీలించి, ఆ పొరలు అంతకన్నా తర్వాతి తొలి క్రెటేషియస్ యుగానివని తేల్చాడు. బూదవాడ పేరు మీదుగానే ఒక జాతికి పాస్కోయిటెస్ బూదవాడెన్సిస్ అని పేరు పెట్టాడు.

ప్రాముఖ్యం

టిలోఫిల్లం వంటి మొక్కలు కోట్ల ఏళ్లు పెద్దగా మారకుండా కొనసాగాయి కాబట్టి వాటితో వయసు కచ్చితంగా తేలదు. అమ్మొనైట్ జాతులు త్వరత్వరగా మారిపోతూ, సముద్రాల వెంట దూరదూరాలకు వ్యాపించాయి. అందుకే ఎక్కడో ఐరోపాలోని పొరతో బూదవాడ పొరను పోల్చగలిగారు. ఇలా కాలాన్ని పట్టిచ్చే వాటిని సూచక శిలాజాలు అంటారు.

ఆకూ గవ్వా ఒకే పొరల్లో దొరకడం అడవి ఉన్న నేల అంచుకు సముద్రం చేరిందనడానికి సాక్ష్యం. భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయి తూర్పు తీరం ఏర్పడిన కాలం కూడా ఆ తొలి క్రెటేషియస్ యుగమే. ఇదే తరహాలో కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు బావుల నుంచి తీసిన రాతిముక్కల వయసును నేటికీ ఫొరామినిఫెరా, పుప్పొడి వంటి సూక్ష్మ శిలాజాలతో నిర్ధారిస్తారు. ఏ పొరలో దొరికిందో తెలియని శిలాజం సాక్ష్యంగా తన విలువను చాలావరకు కోల్పోతుంది. కాబట్టి శిలాజాలతో పాటు అవి దొరికే చోట్లనూ కాపాడుకోవడం తప్పనిసరి.