సానియాను మనం సరిగ్గా అంచనా వేశామా?

దుబాయ్‌లో విమానాశ్రయానికి దగ్గర్లో గర్హూద్ ప్రాంతంలో ఉన్న టెన్నిస్ స్టేడియం మన పాతకాపులకు కొత్తేమీ కాదు. 2005 మార్చి మొదటి రోజుల్లో అక్కడ జరిగిన ఒక మ్యాచ్ గురించి మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటారు. అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్, రష్యా క్రీడాకారిణి స్వెత్లానా కుజ్నెత్సోవా ఒకవైపు. హైదరాబాద్ నుంచి వచ్చిన 18 ఏళ్ల సానియా మీర్జా మరోవైపు. మొదటి సెట్‌లో సానియా 0-4తో వెనుకబడింది. దానికి తోడు చీలమండ మడతపడింది. ఇక ఇంటికే అనుకున్నారంతా. కట్టు కట్టించుకుని వచ్చిన ఆ అమ్మాయి 6-4, 6-2తో మ్యాచ్ గెలిచింది.

టెన్నిస్‌లో లెక్క 15, 30, 40 అని ఎందుకు సాగుతుందో తెలియని మనం కూడా ఆ వారం టెన్నిస్ గురించే మాట్లాడుకున్నాం. గదుల్లో, పని దగ్గర, చాయ్ దుకాణాల దగ్గర ఒకటే ప్రశ్న. ఈ పిల్ల ప్రపంచంలో నంబర్ వన్ అవుతుందా, కాదా? అవుతుందని కొందరు పందెం కాశారు. నాలుగు రోజుల ముచ్చటేనని కొందరు కొట్టిపారేశారు. ఇన్నేళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే రెండు వర్గాలూ సగం గెలిచాయి, సగం ఓడాయి. ఆ కథే ఈ వారం చెప్పుకుందాం.

ఇంట గెలిచి రచ్చ గెలిచి

సానియా 1986 నవంబరు 15న ముంబైలో పుట్టినా పెరిగింది హైదరాబాద్‌లోనే. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే కోచ్‌గా వెన్నంటి ఉన్నారు. అప్పటికి మన దేశంలో మహిళల టెన్నిస్ అంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1998లో నిరుపమా వైద్యనాథన్ ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఒక్క మ్యాచ్ గెలిస్తేనే అది చరిత్ర అయింది. సానియాకు ముందు నడిచిన బాట అంతే.

2005 జనవరిలో సానియా అదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్‌కు చేరింది. అక్కడ సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. ఫిబ్రవరిలో సొంతగడ్డపై హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండారెంకోను ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ వెంటనే దుబాయ్‌లో కుజ్నెత్సోవాపై విజయం. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు అన్న మాటను ఆ అమ్మాయి నెల తిరక్కుండానే చేసి చూపించింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది. ఏడాది ముగిసేసరికి ర్యాంకు 31. డబ్ల్యూటీఏ ఆ ఏడాది ఉత్తమ కొత్త క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే ఇచ్చింది.

జూనియర్ కప్పు గీటురాయేనా?

చిన్న వయసులో మెరిసినవాళ్లంతా శిఖరం ఎక్కుతారా? మన దేశ టెన్నిస్ చరిత్రే దీనికి సమాధానం చెబుతుంది. రామనాథన్ కృష్ణన్ 1954లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచారు. 1960, 1961లలో పెద్దల విభాగంలో సెమీఫైనల్ దాకా వెళ్లారు. ఆయన కొడుకు రమేశ్ కృష్ణన్ 1979లో వింబుల్డన్, ఫ్రెంచ్ జూనియర్ టైటిళ్లు రెండూ గెలిచారు. కానీ సింగిల్స్‌లో ఆయన అత్యుత్తమ ర్యాంకు 23. లియాండర్ పేస్ 1990లో వింబుల్డన్ జూనియర్ చాంపియన్. సింగిల్స్‌లో 73ను దాటి పైకి వెళ్లలేదు, డబుల్స్‌లో మాత్రం ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచిన యూకీ భాంబ్రీని గాయాలు వెంటాడాయి. ఆయన సింగిల్స్‌లో 83 దగ్గర ఆగి, తర్వాత డబుల్స్ బాట పట్టారు.

అంటే జూనియర్ కప్పు తలుపు తెరుస్తుంది, అంతే. లోపలికి వెళ్లాక నిలబెట్టేవి వేరే ఉంటాయి.

బలం ఎక్కడ, లోటు ఎక్కడ?

సానియా అసలు బలం ఫోర్‌హ్యాండ్. మణికట్టు విసురుతో ఆమె కొట్టే బంతి ప్రపంచంలో ఎవరినైనా ఇబ్బంది పెట్టేది. మనం ఆ దెబ్బ చూసి మురిసిపోయాం. ఆట తెలిసినవాళ్లు మాత్రం మరో రెండు విషయాలు గమనించారు. మొదటిది రెండో సర్వీస్. అందులో జోరు తక్కువ. గట్టి ప్రత్యర్థులు దానికోసమే కాచుకుని కూర్చునేవారు. రెండోది కోర్టులో కదలిక. అటూ ఇటూ పరుగెత్తించే ఆటగాళ్ల ముందు ఆమెకు ఊపిరి సలిపేది కాదు.

యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ ఇందుకు సాక్ష్యం. అవతల టాప్ సీడ్ మరియా షరపోవా. ఆమె కూడా 18 ఏళ్ల అమ్మాయే, సానియా కన్నా ఐదు నెలలు చిన్నది. అయినా అప్పటికే 2004 వింబుల్డన్ ఆమె ఖాతాలో ఉంది. ఆ రోజు స్కోరు 2-6, 1-6. ఒకే ఈడు పిల్లల మధ్య ఎంత దూరం ఉండగలదో ఆ స్కోరు చెప్పింది.

ర్యాంకింగ్ లెక్క కూడా కనికరం లేనిది. గడిచిన 52 వారాల్లో సంపాదించిన పాయింట్లే లెక్కలోకి వస్తాయి. నిరుడు గెలిచిన చోట ఈ ఏడాది మళ్లీ గెలవకపోతే పాయింట్లు పోతాయి. 2006లో సానియా ర్యాంకు జారింది. 2007 ఆగస్టులో మళ్లీ లేచి 27కు చేరింది. సింగిల్స్‌లో ఏ భారతీయ మహిళా అంత ఎత్తుకు చేరలేదు. కానీ అక్కడి నుంచి శరీరం మొరాయించింది. 2008లో మణికట్టుకు శస్త్రచికిత్స, అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మ్యాచ్ మధ్యలోనే వైదొలగడం. మోకాళ్లకూ శస్త్రచికిత్సలు తప్పలేదు. ఆమె ఆటకు ప్రాణమైన మణికట్టే ఆమెకు అడ్డుపడింది.

ఇక్కడితో కథ ముగిస్తే కొట్టిపారేసినవాళ్లే గెలిచినట్టు. కానీ ముగియలేదు.

దారి మార్చి ఎక్కిన శిఖరం

2012 తర్వాత సానియా సింగిల్స్ వదిలేసి పూర్తిగా డబుల్స్‌కు మళ్లింది. ఓడిపోయి పక్కకు తప్పుకుందని కొందరు అన్నారు. నిజానికి అది లెక్క తెలిసిన నిర్ణయం. సింగిల్స్‌లో రెండు గేములకు ఒకసారి సర్వీస్ చేయాలి. డబుల్స్‌లో నాలుగు గేములకు ఒకసారి చేస్తే చాలు. కోర్టు కొంచెం వెడల్పయినా కాపాడేది ఇద్దరు. అంటే ఆమె లోటు బరువు తగ్గింది, ఫోర్‌హ్యాండ్ బలం అలాగే ఉంది. నెట్ దగ్గర మార్టినా హింగిస్ లాంటి నేర్పరి తోడైతే చెప్పేదేముంది?

2015 ఏప్రిల్ 13న సానియా మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అలా అయిన తొలి భారతీయ మహిళ ఆమే. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. హింగిస్‌తో కలిసి 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. మహేశ్ భూపతితో 2009లో ఆస్ట్రేలియన్, 2012లో ఫ్రెంచ్ మిక్స్‌డ్ డబుల్స్, బ్రూనో సోరెస్‌తో 2014లో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్. వెరసి ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు. హింగిస్‌తో వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచిన పరంపర 2016 ఫిబ్రవరిలో దోహాలో ముగిసింది.

ఇప్పుడు మరో సంగతి చూడండి. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 15 ఏళ్ల సానియా కాంస్యం గెలిచింది లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో. 2003లో గెలిచిన వింబుల్డన్ జూనియర్ టైటిల్ డబుల్స్‌దే. తొలి డబ్ల్యూటీఏ టైటిల్, 2004 హైదరాబాద్ ఓపెన్, లీజెల్ హ్యూబర్‌తో కలిసి గెలిచిన డబుల్సే. ఆమె ఎక్కడ శిఖరం ఎక్కుతుందో చెప్పే గుర్తులు మొదటి నుంచీ మన కళ్ల ముందే ఉన్నాయి. మనమే సింగిల్స్ ర్యాంకు ఒక్కటే చూస్తూ కూర్చున్నాం.

రేపటి పిల్లల మాట

ఇదంతా ఇప్పుడెందుకంటే, మనలో ఎంతోమంది ఇక్కడ ఎండలో పనిచేసి పంపే డబ్బుతో ఊళ్లో పిల్లలు రాకెట్ పడుతున్నారు, బ్యాట్ పడుతున్నారు, అకాడమీల్లో చేరుతున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా మనం అడిగేది ఒక్కటే, గెలిచావా అని. వాడు పైకొస్తాడా, ఈ ఖర్చు దండగా అని మనసులో లెక్కలు వేసుకుంటాం. ఆ లెక్క తప్పు కాదు, కష్టార్జితం కదా. కానీ ఏం చూడాలో తెలిసి లెక్క వేయాలి. పిల్లవాడి చేతిలో ఎదుటివాడిని భయపెట్టే బలం ఒక్కటైనా ఉందా? లోటు ఏమిటో వాడికి తెలుసా, దిద్దుకుంటున్నాడా? ఆ శిక్షణను వాడి ఒళ్లు తట్టుకుంటోందా? ఒక దారి మూసుకుపోతే మరో దారి వెతుక్కునే ధైర్యం వాడికీ మనకీ ఉందా? ఈ నాలుగింటికీ కప్పుల అలమరాలో జవాబు దొరకదు.

సానియా వేసిన బాటలో ఇప్పుడు మన అమ్మాయిలు నడుస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో భారత జట్టుకు ఆడినవారిలో శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి ఉన్నారు. వీళ్ల గురించీ అదే ప్రశ్న వినిపిస్తుంది, నంబర్ వన్ అవుతారా అని. ఈసారైనా తీర్పు చెప్పడానికి తొందరపడకుండా ఉందాం.

సానియా తన ఆఖరి టోర్నీ కూడా దుబాయ్‌లోనే ఆడింది. 2023 ఫిబ్రవరి 21న డబుల్స్ తొలి రౌండ్‌లోనే ఓడి రాకెట్ దించింది. ఆ స్కోరు ఎంతమందికి గుర్తుందో గానీ, 2005లో 0-4 నుంచి లేచి గెలిచిన ఆ మ్యాచ్ మాత్రం మనవాళ్లకు ఇంకా గుర్తుంది. ఆ అమ్మాయి ఎంత దూరం వెళ్తుందో ఆ రోజు మనకు తెలియలేదు. పడ్డచోటి నుంచి లేవగలదని మాత్రం కళ్లారా చూశాం. అంచనాకు అసలు ఆధారం అదే.