నాలుగు వేల డాలర్ల చిన్న కారు వెనక అరవై ఏళ్ళ కథ

న్యూజిలాండ్ కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎప్పుడూ అడిగే మాట ఒకటుంది. "ఏసీ, ఆటోమేటిక్ గేరు ఉన్న పాత విట్జ్ మూడు నాలుగు వేల డాలర్లకే ఎలా వస్తోంది? బండిలో ఏదో లోపం ఉంటుంది కదా?" మన ఊళ్ళో కారు అంటే ఏళ్ళ తరబడి కట్టే అప్పు. ఇక్కడ నాలుగైదు వారాల జీతం. అందుకే అనుమానం వస్తుంది. కానీ ఆ రేటు వెనక ఉన్నది లోపం కాదు, చరిత్ర. అది తెలుసుకుంటే బండి ఎలా చూసి కొనాలో కూడా తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ దేశంలో కూడా మన లైసెన్స్ రాజ్యం లాంటిదే నడిచింది. 1938లో ఇక్కడి ప్రభుత్వం దిగుమతులకు లైసెన్సులు పెట్టింది. విదేశీ డబ్బు తక్కువ, బయటి సరుకు ఎక్కువగా రానివ్వకూడదని లెక్క. కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని కాచుకోవాలి. విదేశాల్లో డబ్బున్నవాడికి మాత్రం బండి తొందరగా దొరికేది. కొన్నాళ్ళు వాడిన కారు కొత్తదాని కన్నా ఎక్కువకి అమ్ముడుపోయిన రోజులున్నాయి. మన పెద్దలు అంబాసిడర్ కోసం, చేతక్ స్కూటర్ కోసం కాచుకున్నట్టే అనుకోండి.

అప్పుడు కార్లు విడిభాగాల పెట్టెల్లో ఓడ మీద వచ్చేవి. ఇక్కడి ఫ్యాక్టరీల్లో వాటిని బిగించేవాళ్ళు. పెటోని, పోరిరువా, థేమ్స్, నెల్సన్, ఆక్లాండ్ పక్కన విరి, ఇవన్నీ కార్లు బిగించిన ఊళ్ళు. ఆ లైన్ల మీద మావోరీలు, సమోవా లాంటి దీవుల నుంచి వలస వచ్చినవాళ్ళు చాలామంది పనిచేశారు. ఇల్లు వదిలి వచ్చి, షిఫ్టులు చేసి, ఊరికి డబ్బు పంపినవాళ్ళు. అంటే మనకి ముందు వచ్చిన మనలాంటివాళ్ళే.

1980ల్లో గాలి మారింది. 1984లో వచ్చిన ప్రభుత్వం ఒక్కొక్క తలుపూ తెరుస్తూ పోయింది. ఆ దశాబ్దం చివరికి జపాన్ నుంచి వాడిన కార్లు ఓడల కొద్దీ దిగడం మొదలైంది. అక్కడా ఎడమ పక్కనే నడుపుతారు, స్టీరింగు కుడి పక్కనే ఉంటుంది. జపాన్‌లో షాకెన్ అనే తనిఖీ ఒకటుంది. కొత్త కారుకి మూడేళ్ళకి, ఆ తరువాత రెండేళ్ళకొకసారి. దాని ఖర్చు భారీగా ఉంటుంది కాబట్టి చాలామంది బండి బాగుండగానే వేలానికి ఇచ్చేస్తారు. వాళ్ళు వద్దనుకున్న బండే ఇక్కడ మన బండి. రేడియోలో కొన్ని స్టేషన్లు రాకపోవడానికి కారణమూ అదే. జపాన్ ఎఫ్ఎం 76 దగ్గర మొదలవుతుంది, ఇక్కడిది 88 నుంచి 108 దాకా ఉంటుంది.

బండ్లతో పాటు మోసమూ వచ్చింది. కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పి అమ్మడం ఆ తొలి రోజుల్లో పెద్ద గొడవ అయింది.

చివరి దెబ్బ 1998లో పడింది. ఆ ఏడాది మే నెల బడ్జెట్‌లో కార్ల మీద దిగుమతి సుంకం పూర్తిగా ఎత్తేశారు. అదే ఏడాది పోరిరువాలో మిత్సుబిషి, విరిలో నిస్సాన్, నెల్సన్‌లో హోండా, థేమ్స్‌లో టయోటా, అన్నీ బిగింపు పని ఆపేశాయి. థేమ్స్‌లో కొత్త కార్లు బిగించిన చోటే ఆ తరువాత జపాన్ పాత కార్లను బాగుచేసి అమ్మకానికి పంపారు. కథంతా ఆ ఒక్క షెడ్డులో ఉంది. కొనేవాడికి రేటు దిగింది, బిగించేవాడికి పని పోయింది. మనం ఇచ్చే నాలుగు వేలు తక్కువ అనిపిస్తుంది గానీ, మిగతాది వాళ్ళు కట్టారు.

ఇక బండి వివరాలకి వద్దాం. 2005 తరువాతి విట్జ్‌లో 1.0, 1.3, 1.5 లీటర్ ఇంజిన్లు దొరుకుతాయి. 1.0 ది మూడు సిలిండర్లు, 71 హార్స్‌పవర్. ఊళ్ళో తిరగడానికి చాలు. నలుగురు ఎక్కి, డిక్కీలో పనిముట్లు వేసి కొండ ఎక్కాలంటే మాత్రం 1.5 చూసుకోండి, అది 110. విట్జ్, హోండా ఫిట్, 2002 తరువాతి డెమియో, వీటికి టైమింగ్ చైను ఉంటుంది. పాత స్టార్లెట్‌కి బెల్టు. లక్ష కిలోమీటర్ల దగ్గర అది మార్చారా లేదా అడగండి, రసీదు చూపించమనండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఈఎస్‌సీ. తడి రోడ్డు మీద బండి జారితే తనంతట తానే ఒక్కొక్క చక్రానికి బ్రేకు వేసి దారిలో పెడుతుంది. జపాన్ నుంచి వచ్చే చిన్న పాత కార్లకి ఇది తప్పనిసరి చేసింది 2020 మార్చి 1 నుంచి. అంతకు ముందే దేశంలోకి వచ్చిన బళ్ళలో చాలావాటికి లేదు, మన చేతికి చౌకగా వచ్చేవి ఎక్కువగా అవే. తెల్లవారుజామున ఐదింటికి, వానలో, నిద్ర కళ్ళతో సైటుకి పోయేది మనమే కదా. ఐదు వందలు ఎక్కువైనా ఈఎస్‌సీ ఉన్నది చూడండి.

కొనే ముందు బండి నంబరు రైట్‌కార్ వెబ్‌సైట్లో కొట్టి భద్రత నక్షత్రాలు చూడండి. బండి మీద ఎవరికైనా అప్పు ఉందేమో పీపీఎస్ఆర్‌లో చూడండి. అప్పు ఉన్న బండి కొంటే అప్పిచ్చినవాళ్ళు వచ్చి తీసుకుపోవచ్చు. అమ్మేవాడు ఇచ్చే వారంట్ నెలలోపుది కావాలి. ఇక్కడ వారంట్ అంటే పోలీసులది కాదు, బండి తనిఖీ కాగితం. డబ్బిచ్చిన రోజే పేరు మార్పించుకోండి. తెలియకపోతే ఒక మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించండి, లేదా సైటులో బండి గురించి తెలిసిన అన్నని వెంట తీసుకుపోండి. మనలో ఒకరు కాదన్నారని నామోషీ పడొద్దు. ఇంట్లో మన కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు.