ఈకలతో కట్టిన ఈగ

గాలం వేసేవాడంటే మనకు మొదటినుంచీ కాస్త చిన్నచూపే. పనీపాటా లేక ఏటిగట్టున కూర్చున్నాడంటాం. 'గాలం వేశాడు' అన్న మాటను కూడా ఎవరినో మోసంతో లొంగదీసుకోవడానికే వాడతాం. అటువంటి గాలంతో, తాగుడు మానలేక, మత్తుమందు వదలలేక కొట్టుకుపోతున్న మనుషుల్ని ఒడ్డుకు చేర్చాలని చూస్తున్నారంటే నమ్ముతారా? అమెరికాలో ఆ ప్రయత్నం జరుగుతోంది. దాని వెనక 500 ఏళ్లకు పైబడిన కథ ఉంది.

ముందు ఆ గాలం సంగతి. మనం వానపామునో పిండిముద్దనో గుచ్చి, బెండు కట్టి, నీళ్లలో వేసి కూర్చుంటాం. ఇది అలాంటిది కాదు. కోడి ఈకలు, కుందేలు బొచ్చు, పట్టుదారం చిన్న కొక్కేనికి చుట్టి అచ్చం ఈగలా కడతారు. అందుకే 'ఫ్లై ఫిషింగ్' అన్న పేరు. ఈకల ఈగకు బరువేముంటుంది, విసిరితే వెళ్లడానికి? అందుకని బరువంతా దారానికే పెట్టారు. కర్రను వెనక్కి ఊపి, దారం గాలిలో బారుగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు ఊపాలి. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది. తొందరపడితే దారం చిక్కుపడి కూర్చుంటుంది.

1496లో ఇంగ్లండులో వింకిన్ డి వోర్డ్ అనే ముద్రాపకుడు గాలం వేట మీద ఒక రచన అచ్చువేశాడు. జూలియానా బర్నర్స్ అనే సన్యాసిని రాసిందని వాడుక. పండితులు ఆ మాటను శంకిస్తారనుకోండి. అందులో పన్నెండు రకాల ఈగలు ఎలా కట్టాలో చెప్పారు. నాకు నచ్చిందల్లా మొదట్లోని సంగతి. వైద్యుడు దొరకనివాడికి మూడే వైద్యులట: ఉల్లాసమైన మనసు, మితిమీరని శ్రమ, మితమైన తిండి. చేప దొరక్కపోయినా మంచి గాలి, పక్షుల పాట దక్కుతాయట. అత్యాశతో ఎక్కువ చేపలు పట్టవద్దని హెచ్చరిక కూడా ఉంది. మితం తెలియకపోవడమే వ్యసనమైతే, ఈ విద్య పుట్టుకలోనే దానికి విరుగుడు ఉందన్నమాట!

ఇక అమెరికాకు వద్దాం. వెర్మాంట్ రాష్ట్రంలో మాంచెస్టర్ అని చిన్న ఊరు, పక్కనే బాటెన్‌కిల్ నది. 1856లో చార్లెస్ ఆర్విస్ అక్కడ గాలం సామాన్ల వ్యాపారం పెట్టాడు. ఈగలు కట్టే విభాగాన్ని ఆయన కూతురు మేరీ ఆర్విస్ మార్బరీ నడిపింది. ఏ ఈగ ఎలా ఉంటుందో, దాని కథేమిటో చెబుతూ 1892లో పెద్ద గ్రంథమే వెలువరించింది. పురుషుల వేట అనుకునేదానికి శాస్త్రం కూర్చింది ఒక ఆడకూతురు!

చిత్రమేమిటంటే, ఆ మాంచెస్టర్‌కు కొద్ది మైళ్ల దూరంలోని ఈస్ట్ డార్సెట్‌లో 1895లో ఒక సత్రంలో, బార్ వెనక గదిలో, బిల్ విల్సన్ పుట్టాడు. పెద్దయ్యాక తాగుడులో ఉద్యోగం, పరువు పోగొట్టుకుని 1934 డిసెంబర్‌లో న్యూయార్క్ ఆసుపత్రిలో చేరాడు. బయటికొచ్చాక 1935 మేలో పనిమీద ఏక్రన్ వెళితే, అదీ చెడిపోయింది. హోటల్లో ఒక పక్క బార్, ఇంకో పక్క ఫోన్. ఆయన ఫోన్ వైపు నడిచాడు. తనలాంటి తాగుబోతు ఎవరితోనైనా మాట్లాడాలని వెతికితే డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. పావుగంటే కూర్చుంటానన్న డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అలా పుట్టింది. జీవితాంతం మానేస్తానని ఒట్టు పెట్టక్కర్లేదు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉంటే చాలు అన్నది వాళ్ల పద్ధతి.

నదీ, ఈ పద్ధతీ చాలాకాలం వేరువేరు దారుల్లోనే నడిచాయి. 1996లో అదే మాంచెస్టర్‌లో, రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకునే స్త్రీలకు ఈ గాలం నేర్పే 'కాస్టింగ్ ఫర్ రికవరీ' సంస్థ మొదలైంది. ఆపరేషన్ తర్వాత చేతికి ఈ ఊపు మంచి వ్యాయామం. 2005లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో గాయపడ్డ సైనికులకూ నేర్పసాగారు. మాంటానా, కొలరాడో వంటి కొండ ప్రాంతాల్లో వ్యసనాలు మాన్పించే కొన్ని కేంద్రాలూ దీన్ని చేపట్టాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. ఏళ్లుగా తాగినవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు, అది డాక్టరు చూడాల్సిన పని. గాలం అవసరం ఆ తర్వాత. తాగుడు మానిన మనిషికి అసలు గండం సాయంత్రం. ఇన్నాళ్లూ గ్లాసు పట్టిన చేతులకు పని ఉండదు, కాళ్లు వాటంతటవే కొట్టువైపు లాగుతాయి. సరిగ్గా ఆ వేళకే ట్రౌట్ చేపలు ఈగల కోసం నీటిపైకి వస్తాయి! ఏటి చలికాలువలో నడుముదాకా నిలబడి, దారం మీదే చూపు నిలిపినవాడికి ఇంకో ఆలోచన రాదు. పక్కన తనలాంటివాడే ఒకడుంటాడు. దొరికిన చేపను చాలామంది మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారు. చేతికి చిక్కినదాన్ని వదలడం కూడా అభ్యాసమే కదా.

మన ఇళ్లలో "మానెయ్, మానెయ్" అని ఏడ్చి, పోట్లాడి, దేవుళ్లకు మొక్కుతాం. మానేసిన మర్నాడు సాయంత్రం ఆరింటికి ఆ మనిషి ఏం చేయాలో మాత్రం ఆలోచించం. దానికి నదే కావాలని లేదు, తోటపని కావచ్చు, వడ్రంగం కావచ్చు.

బిల్ విల్సన్ 1971లో కన్నుమూశాడు. సమాధి ఈస్ట్ డార్సెట్‌లోనే ఉంది. తాగుడు మానినవాళ్లు, తాము ఎన్నాళ్లు నిలబడ్డారో గుర్తుగా ఇచ్చిన నాణేలను తెచ్చి దానిమీద పెట్టి వెళుతుంటారు.