ధాత కరువులో తవ్విన కాలువ

పోయిన సంక్రాంతికి ఇక్కడ ఒక తెలుగువాళ్ళింట్లో భోజనాలు. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మాది ఒంగోలు వైపని, చర్చికి వెళ్తామని తెలిసి, "మీ పూర్వీకులు కరువులో బియ్యం కోసం మారినవాళ్ళేగా!" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆయన అన్నందుకు కాదు, నా దగ్గర జవాబు లేనందుకు.

అప్పటికి నా ఉద్యోగం పోయి రెండు వారాలైంది. వీసా లెక్క ప్రకారం ఇంకో పని వెతుక్కోవడానికి అరవై రోజులే గడువు. ఇంటర్వ్యూల మధ్య ఖాళీ మాత్రం బోలెడు. ఆ ఖాళీలో మా నాయనమ్మ చెప్పిన ముక్కల్ని పాత పుస్తకాలతో సరిపోల్చుకుంటూ కూర్చున్నాను.

నాయనమ్మ కంచంలో మెతుకు మిగిలిస్తే ఊరుకునేది కాదు. "ధాత కరువు చూసినోళ్ళ మనవరాలిని రా నేను" అనేది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. వానలు రెండేళ్ళు వరసగా దెబ్బతీశాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణ భారతంలో యాభై లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. అప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. ఒక పౌను అంటే అర కిలో కూడా కాదు. అది తిని ఎండలో మట్టి మొయ్యాలి.

ఒంగోలులో అప్పుడు జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. మిషనరీ కాకముందు, కుర్రతనంలో మిన్నెసోటా వైపు ప్రభుత్వ సర్వేయర్ల దగ్గర పని చేసినవాడు. ఆ కొలతల చదువు కరువులో అక్కరకొచ్చింది. మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే అందులో సుమారు మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. తాటాకు పాకలు వేయించి, తన దగ్గరి తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. చేసిన పనికి కూలి ముట్టేది. పొద్దున తట్ట మోసినవాళ్ళు మధ్యాహ్నం సేద తీరుతూ, పక్కనే కూర్చున్న బోధకుడి మాట వినేవాళ్ళు. కలరా వచ్చి కొందరు అక్కడే పోయారు. వాళ్ళ స్థానంలో ఇంకొందరు వచ్చారు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఆ మట్టిపని లెక్కలు ఆసక్తిగానే చదివాను కానీ, ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను.

ఇక బియ్యం సంగతి. ఆ పెద్దాయన మాట నిజమైతే ఈ సమయంలోనే బాప్తిస్మాలు జోరుగా జరిగి ఉండాలి. జరిగింది దానికి తలకిందులు. సాయం కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో క్లౌ దాదాపు పదిహేను నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళని ఆగమన్నాడు. కరువు తగ్గి, సాయం ముగింపుకొచ్చాక, 1878 వేసవి చివర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం గుమిగూడారు. మాకు డబ్బు వద్దు, పని చేసుకు బతుకుతాం, మళ్ళీ పంట పోతే చస్తాం, కానీ క్రైస్తవులుగా చస్తాం అని, కాయలు కాచిన చేతులు చూపించారని క్లౌ జ్ఞాపకాల్లో ఉంది. జులై 2, 3, 4 తేదీల్లో 3,536 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది. నీళ్ళలో దిగి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని.

ఇంకో సంగతి. ఇదంతా కరువులో మొదలవలేదు. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, చర్మాల వ్యాపారం చేసిన మాదిగ, యోగసాధన చేసినవాడు, 1866లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైన ఒంగోలు సంఘం, కరువుకు ముందే వేలల్లోకి పెరిగింది. చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు అన్న మూడు నియమాలకి వాళ్ళు కట్టుబడ్డారు. జాతరలో డప్పు కొట్టమంటే కొట్టలేదు. దానికి ఊరి పెద్దలు బావి దగ్గరికి రానివ్వలేదు, అంగట్లో సరుకు అమ్మనివ్వలేదు, పని ఇవ్వలేదు. బియ్యం కోసమైతే ఆ మనుషులు చేసింది సరిగ్గా పిచ్చిపని. ఉన్న కూడు పోగొట్టుకున్నారు.

మరి బియ్యానికి ఏ పాత్రా లేదా? ఉంది. లేదంటే అబద్ధం. తరాలుగా ఎవరూ దగ్గరకి రానివ్వని మనిషికి, చస్తున్నప్పుడు పని ఇచ్చి, కూలి ఇచ్చి, పక్కన కూర్చున్నవాడి దేవుడి మీద నమ్మకం కుదరడంలో సిగ్గుపడాల్సిందేముంది? ఇంతకాలం నేను సిగ్గుపడింది తప్పుడు చోట.

రోమా పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి నిలబడే గుణం, దాన్నించి నిరీక్షణ పుడతాయంటాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో అప్పజెప్పి బహుమతి కూడా తీసుకున్నాను. ఇప్పుడు చదివితే భయమేసింది. శ్రమ దానంతటదే ఎవర్నీ మంచివాళ్ళని చెయ్యదు. ధాత కరువు లక్షల మందిని చంపింది, అంతే. చనిపోయినవాళ్ళ విశ్వాసం పెరిగిందని సుఖంగా కూర్చుని రాసే హక్కు నాకు లేదు. కానీ కాలువ గట్టున శ్రమకి తోడు ఇంకో మూడు ఉన్నాయి: చేతికి పని, విడిచిపోని మనిషి, తొందరపెట్టని ఎదురుచూపు. పౌలు చెప్పిన గొలుసులో మొదటి రెండు కొక్కేలు అలా కలిశాయనిపిస్తుంది.

నాకు యాభై మూడో రోజున ఉద్యోగం దొరికింది. నా కష్టాన్ని వాళ్ళ కష్టం పక్కన పెట్టను, దానికి అంత బరువు లేదు. అయితే ఆ రోజుల్లో చర్చిలో ఒకాయన వారం వారం ఫోన్ చేసి, ప్రసంగమేమీ చెయ్యకుండా, "ఈ వారం ఎన్ని ఇంటర్వ్యూలు?" అని మాత్రం అడిగేవాడు. ఇప్పుడు ఉద్యోగం పోయిన ఇంకో కుర్రాడికి ప్రతి శనివారం నేను ఫోన్ చేస్తున్నాను. అదీ మా కాలువ గట్టు పాఠమే.

ఆ పెద్దాయన మళ్ళీ ఉగాదికి కనబడతాడు. ఈసారి నవ్వేసి ఊరుకోను. పక్కన కూర్చుని, 1878 జులై మూడో తేదీ గురించి చెప్తాను.