ఓర్చుట మన్నించుట యగునా?

మా చేబ్రోలు వైపు పల్లెలలో విడాకులన్న మాట క్రొత్తది కాదు. పెక్కు కులములలో పెద్దలు కూడి, ఇరువైపుల వాదములు విని, తెగతెంపులు చేసెడి యాచారము చిరకాలముగా నుండెను. అట్టి యాచారములను 1955 నాటి హిందూ వివాహ శాసనము సైతము తన 29వ సెక్షనులో నిలిపియుంచినది. శాస్త్రము ననుసరించు కుటుంబములలో మాత్రము పెండ్లి తెగని ముడి. ఆలుమగలకు ఒకరిపై నొకరికి ద్వేషమున్నచో విడుదల గలదని కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పియు, ధర్మవివాహములకు ఆ వెసులుబాటు లేదనెను. ద్వేషము భార్యకు మాత్రమే యున్నచో భర్త సమ్మతింపవలెను. కొట్టెడివాడు సమ్మతించునా?

ఆంగ్లప్రభుత్వపు చివరి దినములలో, 1946లో, ఒక చిన్న శాసనము వచ్చినది. భర్త క్రూరత్వముచే అతనితో నుండుట అపాయకరమైనను తగనిదైనను భార్య వేరుగా కాపురముండి మనోవర్తి కోరవచ్చును. ముడి మాత్రము తెగదు. 1949లో మద్రాసు ప్రభుత్వము హిందువులకు విడాకుల శాసనము చేసినది. గుంటూరు జిల్లా అప్పటికి ఆ రాష్ట్రములోనిదే. 1955 మే 18న హిందూ వివాహ శాసనము అమలునకు వచ్చునప్పటికి ఆంధ్రరాష్ట్ర హైకోర్టు మా యూరికి చేరువనే, గుంటూరులో నుండెను. ఆ శాసనమునను క్రూరత్వము వేరుగా నుండుటకే కారణము గాని విడాకులకు కాదు. అందులకైనను హాని కలుగునను భయమునకు తగిన హేతువు చూపవలసియుండెను. 1976 సవరణతో గాని క్రూరత్వము విడాకులకు కారణము కాలేదు; ఆ భయమును గూర్చిన మాటలును అప్పుడే తొలగినవి.

ఇక అసలు చిక్కు. ముప్పదియేండ్లు కాపురము చేసి, బిడ్డలకు పెండ్లిండ్లు చేసిన యిల్లాలు కోర్టున కెక్కినచో ఊరివారడుగు మొదటి ప్రశ్న, "ఇన్నాళ్లు ఓర్చితివి గదమ్మా, ఇప్పుడేమి వచ్చినది?" అని. ఇది వట్టి ఊరిమాట కాదు. 23వ సెక్షను ప్రకారము, క్షమించిన క్రూరత్వము విడాకులకు పనికిరాదు. 1975లో దాస్తానే దంపతుల వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనినే విచారించినది. అందు వాది భర్త. భార్య నడత క్రూరమే యని న్యాయమూర్తులు తేల్చిరి. కాని అతడామెతో సంసారము సాగించినందున క్షమించినట్లే యని అతని కోరికను త్రోసిపుచ్చిరి. అయితే ఆ తీర్పులోనే మరియొక సూత్రమున్నది: క్షమ షరతుతో కూడినది, తప్పు మరల జరిగినచో పాతతప్పు తిరిగి లేచును.

ఈ సూత్రము వయసుమీరిన యిల్లాండ్రకు అండ యని నా తలంపు. చేత కాసు లేక, పుట్టింట చోటు లేక, ఆడపిల్లల సంబంధములు చెడునని ఓర్చుట యొకటి. మనసార మన్నించుట వేరొకటి. గడప దాటలేదు గనుక మన్నించినదనుట, గుంజకు కట్టిన యావు దొడ్డిని మెచ్చి నిలిచినదనుట వంటిది. 2007లో ఘోష్ దంపతుల వ్యాజ్యమున సుప్రీముకోర్టు, దాంపత్యమును మొత్తముగా చూడవలెననియు, నిత్యపు చిరాకులును, ఏండ్లలో ఎప్పుడో జరిగిన ఒకటి రెండు ఘటనలును క్రూరత్వము కావనియు చెప్పినది.

దీనికి రెండవవైపు గలదు. 1963లో పెండ్లియాడిన దంపతుల వ్యాజ్యము 2023 అక్టోబరులో సుప్రీముకోర్టున తేలినది. భర్తకు 89 ఏండ్లు, భార్యకు 82. ఆమె క్రూరురాలనియు, తన్ను విడిచినదనియు భర్త 1996లో కోర్టున కెక్కెను. విడాకులు పొందినదానినను పేరుతో చనిపోనొల్లనని ఆమె విన్నవించుకొనెను. న్యాయమూర్తులు ఆమె మాటకు విలువనిచ్చి విడాకులు నిరాకరించిరి. ఇరువది యేడేండ్ల యా వ్యాజ్యము అంతటితో ముగిసినది.