నెగెవ్ కొండల మీది పలచని నేల

దక్షిణ ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎత్తు ప్రాంతంలో ఏడాదంతా కలిపి కురిసే వాన సుమారు 90 నుంచి 100 మిల్లీమీటర్లు. అదీ చలికాలంలో కొన్ని విడతలుగా. కొండలు సున్నపురాయివి. వాలు పైభాగంలో నడుస్తుంటే కాలికి ఎక్కువగా బండే తగులుతుంది. మట్టి కనిపించిన చోట తవ్వినా జానెడు దిగకముందే గునపం రాతికి కొట్టుకుంటుంది. వచ్చిన మట్టిలోనూ చాలావంతు గులకే. ఇలాంటి నేల దేనికీ కొరగాదని శాస్త్రం చాలాకాలం అనుకుంది. ఆ మాట తప్పని ఇక్కడి రైతులకు పదమూడు వందల ఏళ్ళకు ముందే తెలుసు. ఈ నేలను గురించిన మన జ్ఞానం ఎలా పెరిగిందో చూస్తే, ఆ రైతులకు తెలిసిన దగ్గరికే శాస్త్రం చాలా చుట్టు తిరిగి వచ్చినట్టు నాకు అనిపిస్తుంది.

సుగంధద్రవ్యాల బిడారులు నడిపిన నబాతియన్లు క్రీస్తుకు పూర్వమే ఇక్కడ అవ్‌దాత్ వంటి మజిలీలు ఏర్పరచుకున్నారు. 106లో వారి రాజ్యం రోమన్ల చేతికి పోయింది. సేద్యం బాగా విస్తరించింది మాత్రం ఆ తర్వాత, బైజాంటైన్ కాలంలో. వాగుకు అడ్డంగా రాతి కట్టలు కట్టి, వాటి వెనక చేరిన ఒండ్రులో మడులు చేశారు. కొండవాలు మీద ఏటవాలుగా సన్నటి కాలువలు తీసి, జారే నీటిని ఏ మడికి ఆ మడికి మళ్ళించారు. ఎకరం మడికి ఇరవై, ముప్ఫై ఎకరాల వాలు ఉండేది. ఇరవై ఎకరాల మీద పడిన 100 మిల్లీమీటర్ల వానలో పదోవంతు కిందికి జారినా, మడికి మరో 200 మిల్లీమీటర్ల వాన కురిసినట్టే. గోధుమ, బార్లీ, ద్రాక్ష, ఆలివ్ ఆ నీటితోనే పండాయి. 1930లలో నెగెవ్‌లోని నెస్సానా శిథిలాల్లో దొరికిన పపైరస్ పత్రాల్లో గోధుమ విత్తిన దానికి దాదాపు ఏడింతలు పండినట్టు లెక్క ఉంది. ఆ రైతులు కొండను దున్నలేదు, దాని మీదికి మట్టి మోయలేదు. కొండ మీది రాతిని నీటికోసం వాడుకున్నారు.

తర్వాత ఊళ్ళు పాడుబడ్డాయి. 1869-70లో ఈ ఎడారి దాటిన ఎడ్వర్డ్ హెన్రీ పామర్ వాలుల మీద వరుసలుగా పేర్చిన రాళ్ళ కుప్పలు చూసి ఆశ్చర్యపోయాడు. స్థానిక అరబ్బులు వాటిని ద్రాక్షకుప్పలు అంటారని 1871లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. కుప్పల మీదికి తీగలు పాకించేవారనే ఊహ అక్కడినుంచే బలపడింది. ఆ కుప్పల అసలు పనేమిటన్న తగువు తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా నడిచింది.

ఈలోగా మృత్తికాశాస్త్రం వేరే దారిన పుట్టింది. రష్యాలో దొకుచాయెవ్ 1883లో నల్లమట్టి మీద గ్రంథం ప్రచురించి, నేల అంటే వాతావరణం, జీవజాలం, శిల, వాలు, కాలం కలిసి తయారుచేసే స్వతంత్ర పదార్థమని నిరూపించాడు. అమెరికాలో హిల్గార్డ్ ఎండునేలలను పరిశీలించి, వాన ఖనిజాలను కడిగిపారేయదు కాబట్టి అక్కడి మట్టిలో పోషకాలు నిలిచి ఉంటాయని 1892లోనే చెప్పాడు. అయినా కొండల మీది రాతినేలకు ఆ దృష్టి అందలేదు. 1899లో మొదలైన అమెరికా నేలల సర్వే పటాల్లో ఇలాంటి చోట్లను కఠినమైన రాతిభూమి అని రాసి, అంతటితో వదిలేసేవారు. 1938 నాటి అమెరికా వర్గీకరణలో వీటికి లిథోసోల్స్ అనే పేరు దక్కింది. 1975 నాటి పద్ధతి వీటిని ఇంకా పొరలు ఏర్పడని కొత్త నేలల్లో చేర్చి, అర మీటరు లోపల బండ తగిలితే లిథిక్ అనాలంది. నేటి అంతర్జాతీయ వర్గీకరణలో ఇవి లెప్టోసోల్స్: 25 సెంటీమీటర్లలోపే బండ ఉన్నవి, లేదా రాళ్ళు పోగా సన్నమట్టి అయిదోవంతు కూడా లేనివి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా పరుచుకున్న నేల ఇదే, సుమారు 165 కోట్ల హెక్టార్లు. ఇంత విస్తారమైన నేలను లోతు తక్కువ, ఎదుగుదల తక్కువ అనే లోపాలతోనే గుర్తుపట్టడం నాగలి దృష్టి అని నా అభిప్రాయం.

మలుపు మళ్ళీ సేద్యం దగ్గరే వచ్చింది. హీబ్రూ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త మైకేల్ ఎవెనారి, జలవనరుల ఇంజనీరు లెస్లీ షానన్, నఫ్తాలి తద్మోర్ కలిసి 1950ల చివర శివ్తా, అవ్‌దాత్‌ల దగ్గర పాత పొలాలను పునరుద్ధరించి పంట పెట్టారు. రాళ్ళ కుప్పల మీద ప్రయోగాలూ చేశారు. విడిరాళ్ళు పరుచుకున్న చోట చినుకు నేరుగా మట్టికి తగలదు, నీరు రాళ్ళ సందుల్లో ఇంకుతుంది. రాళ్ళు ఏరేస్తే సన్నమట్టి మీద చినుకు దెబ్బకు పైన గట్టి పెచ్చు కడుతుంది. అది నీటిని లోపలికి పోనివ్వదు. వాలు వెంట ఎక్కువ నీరు జారుతుంది. కుప్పలు వేసింది తీగల కోసం కాదని, నీటి కోసమని ఎవెనారి బృందం తేల్చింది.

ఆ వాలునే ప్రయోగశాల చేసినవాడు భౌగోళిక శాస్త్రవేత్త ఆరోన్ యాయిర్. 1970ల తొలినాళ్ళలో సెదే బోకెర్ దగ్గర ఒక వాలును ముక్కలుగా విభజించి, ప్రతి ముక్క నుంచి జారే నీటిని, మట్టిని కొలవడం మొదలుపెట్టాడు. పైభాగంలో నున్నటి బండ ఉంది. రెండు మూడు మిల్లీమీటర్ల చినుకులకే దాని మీద నీరు కదులుతుంది. ఆ నీరు ఎంతో దూరం పోదు. బండ అంచున వేలెడు వెడల్పు బీట, అందులో గుప్పెడు మట్టి ఉంటాయి. బండంతటి నీరూ అక్కడే దిగుతుంది. ఆ గుప్పెడు మట్టికి అందే తడి ఆకాశం నుంచి పడిన వానకు ఎన్నో రెట్లు. బీట లోతుగా ఉంటుంది కాబట్టి ఎండ ఆ తడిని తేలిగ్గా లాగలేదు. ఉప్పు కూడా కిందికి కడుక్కుపోతుంది. అందుకే మధ్యధరా తీరపు తేమకు అలవాటుపడ్డ మొక్కలు కొన్ని ఈ బీటల్లో బతుకుతాయి. అదే వాలు అడుగున మీటర్ల మందాన మట్టి పేరుకుని ఉంటుంది. చూడ్డానికి మంచినేల. పడిన కొద్ది వానను అదే పీల్చుకుంటుంది, పైపై పొరలోనే పట్టి ఉంచుతుంది, ఎండకు వదిలేస్తుంది. ఉప్పు లోపల మిగిలిపోతుంది. అక్కడ ఉప్పుకు ఓర్చే పొదలే ఉంటాయి. జంతువుల ఎంపికా ఇలాంటిదే. పద్నాలుగు కాళ్ళుండే హెమిలెపిస్టస్ అనే చిన్న జీవి కుటుంబాలుగా బొరియలు తవ్వుకుంటుంది. తేమ నిలిచే రాతివాలునే అది ఇష్టపడుతుంది. దుంపల కోసం ముళ్ళపంది తవ్వేదీ అక్కడే. ఈ రెండూ వదిలిన మట్టి పొడిని తర్వాతి వాన మోసుకుపోతుందని యాయిర్ కొలిచి చూపాడు.

బీటల్లోకి మట్టి ఎక్కడినుంచి వచ్చింది? సున్నపురాయి అరుగుదల ఒక్కటే చాలదు. డాన్ యాలోన్, ఎలియేజర్ గనోర్ 1973లో ప్రచురించిన వ్యాసం గాలి తెచ్చిన దుమ్ము పాత్రను ముందుకు తెచ్చింది. 1987లో షఖాక్, జోన్స్, గ్రానోట్ మరో మూలాన్ని కనిపెట్టారు. ఇక్కడి రాతి ఉపరితలానికి కాస్త లోపల లైకెన్లు పెరుగుతాయి. యూకాండ్రస్ అనే చిన్న నత్తలు వాటికోసం రాతినే గీకి తింటాయి, తర్వాత రాళ్ళ కిందికి చేరి విసర్జిస్తాయి. ఏడాదికి హెక్టారుకు 0.7 నుంచి 1.1 టన్నుల రాయి ఇలా మట్టిగా మారుతోందని లెక్క తేలింది. గాలి తెచ్చే దుమ్ముకు ఇది ఇంచుమించు సమానం. నత్తల విసర్జన నేలకు నత్రజని కూడా చేరుస్తుందని 1990లో అదే బృందంలోని ఇద్దరు చూపారు.

వీటన్నిటి మీదుగా యాయిర్ 1980లలో ఇంకా పెద్ద మాటన్నాడు. బేర్షెబా పరిసరాల్లో ఏటా 200 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, నేల లోతైన లోయెస్, అంటే గాలి తెచ్చి పరిచిన సన్నమట్టి. సెదే బోకెర్ కొండల మీద అందులో సగమే. అయినా మొక్కకు అందే నీటి లెక్కన లోయెస్ మైదానమే ఎక్కువ పొడి ప్రాంతమని, గాలి వేల ఏళ్ళపాటు తెచ్చి పరిచిన మట్టి ఉత్తర నెగెవ్‌ను ఇంకా ఎడారిగా మార్చిందని అతని వాదన. ఎడారి సరిహద్దును వానపాతం గీతలతోనే గీస్తే సరిపోదు, ఎంత బండ, ఎంత మట్టి అన్న నిష్పత్తి కూడా చూడాలి అన్నాడు.